నీళ్ళు లేని దీవికి సంబంధం చూడబోయాం

రండి, ఇంకా ముందుకు జరిగి కూర్చోండి. ఆ గోడకు ఆనుకుంటే సున్నం అంటుతుంది, చాప మీదికి రండి. ఎల్బీనగర్‌లో మా ఇంటికి ఒక పక్క మెట్రో, ఇంకో పక్క బస్సులు. దూరంగా కూర్చుంటే నేను చెప్పేదాంట్లో సగం వాటికే పోతుంది. నాకు చదువు పెద్దగా లేదు. ఊళ్ళో బడి ఉన్నంతవరకు చదివాను, తర్వాత చేలోకి పంపారు. జ్ఞాపకం మాత్రం దండిగా ఉంది. ఎవరు ఏ చీర కట్టుకుని, ఏ గుమ్మంలో నిలబడి, ఏ మాట అన్నారో నాకు అట్లాగే గుర్తుంటుంది. అందుకే మా ఇంట్లో నాతో కొట్లాటకు ఎవరూ రారు.

ఇది మా చెల్లెలి కూతురి సంబంధం ముచ్చట. మా చెల్లెలూ మరిదీ నల్లగొండ దిక్కు ఊళ్ళోనే ఉండి బత్తాయి తోట చూసుకుంటారు. పిల్ల ఇంటర్ చదవడానికని మా దగ్గరికి వచ్చింది, ఇక తిరిగి పోలేదు. మాకు పిల్లలు లేరు. మా ఆయన బస్సు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. పిల్ల చదువయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కళ్ళద్దాల దుకాణంలో పనికి కుదిరింది. వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీది అక్షరాలు చదివించి, అద్దాలు మార్చి మార్చి చూపించడం దాని పని. పొద్దున మెట్రో ఎక్కి పోయేది, చీకటి పడేటప్పటికి వచ్చేది.

దాని పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా మా చెల్లెలు ఫోన్‌లో ఒకటే అనేది. "అక్కా, నీకు నచ్చితె నాకు నచ్చినట్టే. నువ్వే చూడు." వినడానికి బాగుంటుంది గానీ, ఆ మాట ఎంత బరువో మోసేవాళ్ళకే తెలుస్తుంది. రేపు ఏదన్నా తేడా వస్తే "అక్కా, నువ్వే కదా చూసింది" అనే మాట కూడా అందులోనే ఉంది. అందుకని ఎవరు ఏ సంబంధం తెచ్చినా ముందు నేను అనుమానించేదాన్ని. తర్వాతే మిగతా సంగతి.

ఈ సంబంధం తెచ్చింది మా ఆయనకు వరసకు తమ్ముడయ్యే మనిషి. పెళ్ళిళ్ళు కుదర్చడమంటే ఆయనకు సరదా. వస్తూ వస్తూనే చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో నుంచే మొదలుపెట్టాడు.

"వదినె, పిలగాడు బంగారం. హయత్‌నగర్ల సొంతిల్లు. తండ్రి లేడు, తల్లొక్కతే. కృష్ణ నీళ్ళ నడుమ దీవి మీద హోటలుంది."

"హోటలుందంటె?"

"ఉందంటె ఉంది వదినె. ఓనరు. పడవల పోవాలె ఆడికి. సుట్టూ నీళ్ళు, నడుమ హోటలు. సిన్మా లెక్కుంటది."

"నువ్వు చూసినవా?"

"నేనేడ చూస్త? నాకు నీళ్ళంటె భయం."

ఆ మాటతో నా అనుమానం ఒక మెట్టు ఎక్కింది.

హయత్‌నగర్ పోయి ఇల్లు చూసి వచ్చాం. ఇంటికి వంక పెట్టేదేమీ లేదు. తల్లి మెత్తటి మనిషి. మా ముందు చాయ్ పెట్టింది. మేం ముట్టలేదు. మీకు తెలియకపోతే చెప్తాను, మా దిక్కు ఒక పద్ధతి ఉంది. సంబంధం ఖాయమయ్యేదాకా అవతలివాళ్ళది ఏదీ తినం, తాగం. మంచినీళ్ళు కూడా ముట్టం. వాళ్ళది నోట్లో పెట్టుకున్నామంటే ఒప్పుకున్నట్టే. తిని వచ్చి కాదన్నామంటే మాట తప్పినవాళ్ళమవుతాం. ఆవిడకూ ఈ సంగతి తెలుసు కాబట్టి బలవంతం చేయలేదు. మేం మాట్లాడుతుంటే చాయ్ మీద మీగడ కట్టింది.

తర్వాత పిల్లా పిలగాడూ ఒకరినొకరు చూసుకోవడానికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బేకరీ మేడ మీద కలిశారు. నేనూ మా ఆయనా పక్క టేబుల్ దగ్గరే కూర్చున్నాం. ఎవరి చాయ్ వాళ్ళది. పిలగాడు గళ్ళ చొక్కా వేసుకుని వచ్చాడు. మాట తక్కువ. మెడ ఎండకు కమిలిపోయి ఉంది, అరచేతులు కాయలు కాసి ఉన్నాయి. ఓనర్‌కు ఈ చేతులేంటి అనుకున్నాను. పోయేముందు నేనే అడిగాను.

"నీ హోటలు చూడాల్నని ఉంది బాబూ. ఎప్పుడు రమ్మంటవు?"

వాడు చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు. "ఇప్పుడొద్దు ఆంటీ. వానలు పడి నీళ్ళొచ్చినంక రాండ్రి. అప్పుడు మంచిగుంటది."

సంబంధం చూడటానికి వస్తామంటే వద్దనే మనిషిని మీరు ఎక్కడైనా చూశారా? నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. పిల్లకు మాత్రం పిలగాడు నచ్చాడు. అది చెప్పలేదు, నేనే కనిపెట్టాను. ఫోన్ మోగితే మిద్దె మీదికి పోతోంది, వచ్చాక మొహంలో వెలుగు ఉంటోంది. అదే నాకు ఇంకా భయం. నచ్చాక బయటపడే అబద్ధం నచ్చకముందు బయటపడేదానికన్నా ఎక్కువ కోస్తుంది.

"ఒద్దన్నడంటె ఏందో దాస్తుండు. చెప్పకుంట పోవాలె" అన్నాను మా ఆయనతో.

"పోలీసోళ్ళ లెక్కనా?"

"ముసాఫిర్ల లెక్క. రూమ్ తీసుకోని ఒక రాత్రి ఉందాం. వాడు నిజంగ ఓనరో కాదో, ఆడ ఇంకెవరన్న ఉన్నరో లేరో కండ్లార చూసొద్దాం."

ఆయన గొణిగాడు గానీ పిల్ల వెంటనే ఒప్పుకుంది. "నేను ఫోన్ల బుక్ చేస్త పెద్దమ్మా. నా దోస్తు పేరు మీద చేస్త. నేను గూడ ఒస్త."

పెళ్ళికి ముందు పిల్ల అక్కడికి రావడమేంటని నాకు లోపల గుంజింది. కానీ మా ఇద్దరికీ ఫోన్‌లో బుక్ చేయడం రాదు, దారి చూడటం రాదు. సరే అన్నాను.

పొద్దున్నే లేచి పులిహోర కలిపాను. సర్వపిండి చేశాను. ఒక క్యాన్ నిండా నీళ్ళు పట్టాను. వాడి హోటల్లో పచ్చినీళ్ళు కూడా ముట్టేది లేదు కదా మరి. మా ఆయన తెలిసినవాళ్ళ కారు అడిగి తెచ్చాడు. సాగర్ రోడ్డు పట్టుకుని తుర్కయంజాల్ దాటాం. ఆ ప్లాట్ల బోర్డులన్నీ దాటాక గుట్టలు మొదలయ్యాయి. ఆయన బస్సు నడిపినట్టే కారు నడుపుతాడు. మనుషులు నిలబడి ఉన్న ప్రతి చోటా మెల్లగా పోనిస్తాడు. అందుకని చేరేటప్పటికి ఎండ నడినెత్తికొచ్చింది.

రోడ్డు అయిపోయినచోట ఒక పెద్ద బోర్డు ఉంది. దాని మీద నీలం నీళ్ళు, తెల్ల పడవ, పడవలో నవ్వుతున్న మొగుడూ పెళ్ళాలు. 'దీవికి స్వాగతం' అని రాసి ఉంది. కారు దిగి బోర్డు వెనక చూశాం.

నీళ్ళు లేవు.

చూపు పోయినంత మేర ఎండిపోయి నెర్రెలు విచ్చిన ఒండ్రు మట్టి. నెర్రెల్లో కాలు పెడితే చీలమండ దాకా దిగేట్టుంది. పడవలు పక్కకు ఒరిగి మట్టిలో పడి ఉన్నాయి. ఒక పడవ నీడలో మేకలు పడుకుని నెమరు వేస్తున్నాయి. నడుమ ఒక దిబ్బ, దాని మీద నాలుగు చెట్లూ రంగు వెలిసిన కాటేజీలూ. నీళ్ళు ఎక్కడో దిబ్బకు అవతల సన్నటి తీగలాగా మెరుస్తున్నాయి.

మా ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "దీవి అంటివి. ఇది దిబ్బ గదనే."

"నేనన్నన్నా? మీ తమ్ముడన్నడు."

పిల్ల మాత్రం సంచిలోంచి పాత బూట్లు తీసి వేసుకుని, చెప్పులు సంచిలో పెట్టుకుని ముందు నడిచింది.

మట్టిలో రాళ్ళు పరిచి దారి చేశారు. దాని మీద క్యానూ సంచులూ మోసుకుంటూ పోయాం. నా కొత్త చెప్పు ఒకటి తెగింది. సగం దారిలో ఒకామె గొడుగు పట్టుకుని ఎదురొచ్చింది. నాకు కూతురుంటే ఆ వయసుండొచ్చు, కొంగు నడుముకు దోపుకుంది. మాట వినగానే కోస్తా మనిషని తెలిసిపోయింది.

"రండి రండి. బోటు తిరగట్లేదండి, నడిచే రావాలండి. ఎండలో పడొచ్చారు, ముందు నిమ్మకాయ నీళ్ళు తాగుదురుగానండి."

"మాకొద్దమ్మా" అన్నాను.

"చేపల పులుసు చేసుంచానండి. ఇక్కడికి ఎవరొచ్చినా ముందు అదే అడుగుతారండి."

"ఒద్దు. మేం ఏం ముట్టం."

ఆమె మొహంలో నవ్వు అక్కడే ఆగిపోయింది. నా వైపు, మా ఆయన వైపు, మా ఆయన చంకలో ఉన్న తోలు బ్యాగు వైపు చూసింది. ఆ తర్వాత మాతో మాట్లాడిన ప్రతి మాటా తూచి తూచి మాట్లాడింది. అప్పుడే అనుకున్నాను, ఇక్కడ ఏదో ఉందని.

గది సంగతి చెప్తే మీరు నమ్మరు. దుప్పటి దులిపితే మట్టి రాలింది. కిటికీ రెక్క మూసుకోదు. స్నానాల గదిలో బకెట్ వెనక ఒక కప్ప కూర్చుని ఉంది, మేం పోతే పక్కకు కూడా జరగలేదు. కుళాయి తిప్పితే చాయ్ రంగు నీళ్ళు వచ్చాయి. బయట వసారాలో రెండు కుర్చీలు వేసి ఉన్నాయి, నీళ్ళను చూస్తూ కూర్చోవడానికట. గోడ మీద ఇదే దిబ్బ ఫోటో పెద్దది పెట్టారు. అందులో చుట్టూ నీళ్ళున్నాయి.

"ఏసీ ఉందన్నరు ఫోన్ల" అన్నాడు మా ఆయన.

"ఏసీ ఉందండి. కరెంటు లేదండి" అంది ఆమె.

నేను వచ్చిన పని మొదలుపెట్టాను. గోడలు తట్టి చూశాను. పరుపు ఎత్తి చూశాను. నీళ్ళ ట్యాంకు మూత తీయించి లోపలికి తొంగి చూశాను. ఎవడి ఆస్తి వాడు ఎట్లా ఉంచుకుంటాడో చూస్తే మనిషి తెలుస్తాడని నా నమ్మకం. నేను ఏది తెరిచినా ఆమె వెనకాలే వచ్చి నిలబడుతోంది.

"ఈ హోటలు ఎవరిదమ్మా?"

"ఓనరుగారిదండి."

"ఎవరాయన?"

"ఉంటారండి."

"ఏడుంటడు?"

"సిటీలో ఎక్కడో ఉంటారండి. మాకు తెలీదండి."

"మరి హయత్‌నగర్ పిలగాడు ఒకాయన ఉన్నడట గద ఈడ?"

ఆమె గొంతు తగ్గించింది. "ఆయనా ఉంటారండి. ఇప్పుడు లేరండి."

చివరి గదికి తాళం వేసి ఉంది. తీయమన్నాను. తాళంచెవి లేదంది. నడుముకు గుత్తి వేలాడుతూనే ఉంది, నా కళ్ళ ముందే. ఆ గదిలో ఏముందో నాకు ఈ రోజు దాకా తెలియలేదు. అడిగితే విరిగిన ఫ్యాన్లు అంటారు. నేనైతే నమ్మను.

వంటింటి వెనక్కి పోతే తీగ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. చిన్నపిల్ల గౌను ఒకటి, దాని పక్కనే ఒక గళ్ళ చొక్కా. అవే గళ్ళు, అదే రంగు, బేకరీలో వాడు వేసుకొచ్చిన చొక్కా. 

"ఈ గౌనెవరిది?"

"పాపదండి."

"ఏ పాప?"

"మా పాపండి. మా అమ్మ దగ్గరుంది ఇప్పుడు."

"మీ ఆయన?"

"ఊళ్ళో లేరండి" అని, గబగబా తీగ మీది బట్టలు తీసుకుని లోపలికి పోయింది.

నేను గదికి వచ్చి తలుపేశాను. పిల్లను బయటికి పంపి మా ఆయనకు చెప్పాను. ఆయన కిందా మీదా చూశాడు.

"లోకంల గళ్ళ చొక్కా ఒక్కటే ఉంటదా ఏందే?"

"ఉండదు. కానీ గౌను పక్కన గా చొక్కానే ఎందుకుంటది? వాడు రావద్దన్నది గిందుకే. దీనికి భార్యా బిడ్డా ఉన్నరు ఈడ."

"దీనికంటవేంది, వాడికి అను" అన్నాడాయన. నాకు కోపం వస్తే మాట తడబడుతుంది.

పొద్దు గుంకుతున్నప్పుడు నీళ్ళ క్యాన్ కోసం బయటికి వస్తే, వంటింటి పక్కనుంచి ఆమె ఫోన్‌లో మాట్లాడటం వినబడింది. నేను దాక్కోలేదు, అక్కడే నిలబడ్డాను, అంతే.

"లేదండి, నేనేం చెప్పలేదండి... ఏవీ తినట్లేదు, తాగట్లేదు. అన్నీ తెరిచి చూస్తున్నారండి. మీ గురించి కూడా అడిగారు... ఆ గది తియ్యలేదండి. మీరు పొద్దున్నే వచ్చెయ్యండి, మీరొచ్చేదాకా నేను నోరెత్తను."

ఇక నాకు కావలసిందేముంది? అన్నీ తేలిపోయాయనుకున్నాను. మా చెల్లెలికి ఫోన్ చేద్దామంటే అక్కడ మా ఫోన్లకు సిగ్నల్ లేదు, వసారా చివర ఒక్క చోట తప్ప. ఆ ఒక్క చోట మా పిల్ల నిలబడి ఉంది.

అన్నం దగ్గర ఇంకో ఆపద. ఎండకు పులిహోర పాడైంది. మూత తీయగానే వాసన కొట్టింది. ఒక్క సర్వపిండి మిగిలింది, ముగ్గురం పంచుకున్నాం. క్యాన్‌లో నీళ్ళు కాగినట్టున్నాయి. వంటింట్లోంచి చేపల పులుసు వాసన గాలి మీద మా గదిలోకే వస్తోంది.

"ఇగో, ఒక్క ముక్క..." అన్నాడు మా ఆయన.

"తింటివా, వాడు నీ అల్లుడే."

"పులుసు మాత్రం? ముక్క ఒద్దులే."

"ఖబర్దార్!"

పిల్ల గోడ వైపు తిరిగి నవ్వుకుంటోంది. దాని భుజాలు కదులుతున్నాయి. దాని బతుకు ఇక్కడ ఆగమయ్యేట్టుంటే నవ్వేంటని నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అది సంచిలోంచి దోమల చక్రం తీసి వెలిగించి నా మంచం కింద పెట్టింది. ఆ రాత్రి ఎట్లాగో తెల్లారింది, అంతకంటే దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

పొద్దున వసారాలో కూర్చున్నాం. మట్టి మీద దూరంగా ఒక మనిషి నడిచి వస్తున్నాడు. భుజం మీద బరువైన మోటారు, ఒంటి మీద ఇస్త్రీ చొక్కా. దగ్గరికి వచ్చేటప్పటికి చొక్కా భుజమంతా నూనె మరక. వసారా మెట్టు దగ్గర మోటారు దింపి, నమస్కారం పెట్టడానికి చేతులెత్తి, మా మొహాలు చూసి ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచాడు.

"ఆంటీ... మీరా?"

వెనకనుంచి ఆమె కేక వేసింది. "మీకు తెలిసినోళ్ళాండీ? ఆఫీసర్లు కాదా?"

"ఆఫీసర్లేంది?" అన్నాను నేను.

"తనిఖీకొచ్చారనుకున్నానండి! మంచినీళ్ళు కూడా ముట్టకుండా ట్యాంకు మూతలు తీసి చూసేవాళ్ళు ఇంకెవరుంటారండి? హోటలు ఎవరిది, ఓనరెక్కడ అని అడిగితే నా గుండె ఆగిపోయిందండి. ఏ మాట చెప్తే ఎవరి మెడకు చుట్టుకుంటుందో అని రాత్రంతా నిద్ర పోలేదు."

మేం వాళ్ళను అనుమానిస్తూ, వాళ్ళు మమ్మల్ని అనుమానిస్తూ ఒక రాత్రి గడిపామన్నమాట. మా ఆయన పెద్దగా నవ్వేశాడు. నేను నవ్వలేదు. నా లెక్కలో ఇంకా గౌను మిగిలి ఉంది.

"మీ ఆయన ఎవరమ్మా?" అని ఆమెనే అడిగాను.

"బోటు నడుపుతారండి. నీళ్ళు లేవని మా ఊరి సముద్రం మీదికి వేటకు పోయారు. నీళ్ళొస్తే వస్తారండి." అంతలో నేను ఎందుకడిగానో ఆమెకు వెలిగింది. పిలగాడి వైపు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యబాబోయ్! ఇక్కడ అందరి బట్టలూ నేనే ఉతుకుతానండి. ఈయన నన్ను అక్కా అంటారు."

పిలగాడు తల వంచుకుని నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"సరే. ఈ హోటలు నీదా?" అన్నాను.

"కాదు ఆంటీ. నేను చూసుకుంట, అంతే. ఓనరు వేరే."

"నీదని చెప్పిండు గద మావాడు."

"చెప్పిండు. నేను కాదన్లే. అది నా తప్పే."

"ఇంకేమన్న ఉందా?"

"ఉంది. ఈసారి నీళ్ళు రాకుంటె మూసేస్త అంటుండు ఓనరు. మూస్తె నాకు ఈ పని గూడ ఉండదు."

అంత సూటిగా చెప్తాడనుకోలేదు. అయినా కోపం ఆగలేదు. ఓనర్ అని చెప్పించుకున్నాడు, దీవి లేదు, పని కూడా నిలిచేది లేదు. మా చెల్లెలికి ఏం చెప్పను? లేచి చీర సర్దుకున్నాను. "నడువుండ్రి, పోదాం" అన్నాను.

ఆ సరికే ఆమె మేం ఆఫీసర్లం కాదని ఊపిరి పీల్చుకుని, మా అందరి ముందూ వేడి వేడి ఉప్మా ప్లేట్లు పెట్టేసింది. మా ఆయన లేచాడు. పిల్ల లేవలేదు.

"లెవ్వవేందే?"

"ఆకలైతుంది పెద్దమ్మా" అని, ప్లేటు దగ్గరికి జరుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

 వంటామెకు మా పద్ధతి తెలియదు కాబట్టి కొబ్బరి చట్నీ కూడా వేసింది. పిలగాడికి తెలుసు. వాడు పిల్ల చేతి వైపు చూశాడు, చటుక్కున నా వైపు చూశాడు, ఏం చేయాలో తోచక "ఉప్పు సరిపొయ్యిందా?" అన్నాడు.

"ఎక్కువైంది" అని ఇంకో ముద్ద పెట్టుకుంది పిల్ల.

"ఏం చేస్తున్నవో తెలుసా నీకు?" అన్నాను. 

"తెలుసు పెద్దమ్మా. ఓనరు కాదని నాకు మొదట్లనే చెప్పిండు. ఎండకాలం నీళ్ళుండవని గూడ చెప్పిండు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు గీడిదాక ఒస్తుంటివా? సంబంధాన్ని ఇంట్లనే కొట్టేస్తుంటివి. మనం ఒస్తున్నమని ఆయనకు గూడ చెప్పలే. ఎవరన్న చెప్పకుంట ఒస్తె మనిషెట్లుంటడో చూడాల్ననుకున్న."

కప్పను కూడా వదలకుండా అందరినీ అనుమానించాను. నా పక్కన పడుకున్నదాన్ని మాత్రం అనుమానించలేదు. బూట్లు తెచ్చుకున్నప్పుడైనా నాకు తట్టొద్దా? నీళ్ళు లేవని మేం నోరు తెరిచి నిలబడితే అది తెరవలేదు కదా. నాకు కోపం వచ్చింది. దాని వెనకే ఇంకేదో కూడా వచ్చింది, నా చేతుల్లో పెరిగిన పిల్ల నాలాగే తయారైందని. అంత ఇష్టపడ్డవాణ్ణి కూడా చెప్పకుండా వచ్చి చూసుకుంది.

కానీ మాట ఇవ్వవలసింది నేను. పిల్ల తింటే సగమే ఖాయం. పిలగాణ్ణి వసారా చివరికి, మట్టి మొదలయ్యే చోటికి పిలిచాను.

"పిల్లకు చెప్పినోడివి నాకెందుకు చెప్పలే? చెప్పొద్దని పిల్లనే అన్నదా?"

వాడు మోటారు వైపు చూశాడు. "నేనే చెప్పాల్సుండె ఆంటీ. చెప్పలే. అంతే."

వెనకనుంచి పిల్ల అరిచింది. "నేనే ఒద్దన్న పెద్దమ్మా! చెప్త చెప్త అంటె నేనే ఆపిన!"

వాడు అప్పుడు కూడా తల ఊపలేదు. అవుననలేదు, కాదనలేదు. నేను వాడి మొహాన్ని చాలాసేపు చూశాను. తప్పును పిల్ల మీదికి తోసేయడానికి నేనే దారి చూపించాను. నా ఎదుట ఒడ్డున పడటానికి వాడికి అదొక్కటే దారి. అయినా వాడు ఆ దారిన పోలేదు. నేను ఎన్ని గోడలు తట్టినా, ఎన్ని మూతలు తీసినా దొరకనిది అక్కడ దొరికింది.

"పని పోతే ఏం చేస్తవు?"

"ఇంకోటి చేస్త. వండుడొస్తది, మోటార్లు బాగుచేసుడొస్తది, మందిని సంభాళించుడొస్తది. ఏమైతదో ఇప్పుడే చెప్తె అది మళ్ళ అబద్ధమే అయితది ఆంటీ."

నేను వెనక్కి వచ్చి కూర్చున్నాను. పిల్ల ప్లేటు నా వైపు లాక్కుని, దాంట్లోంచే ఒక ముద్ద తిన్నాను. ఉప్పు నిజంగానే ఎక్కువైంది. పిల్ల నా భుజం మీద తల పెట్టింది. పిలగాడు మెట్టు మీద కూర్చుని రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

మా ఆయన ఇక ఒక్క నిమిషం ఆగలేదు. "అమ్మా, రాత్రి చేపల పులుసు ఏమన్న మిగిలిందా?" అన్నాడు.

ఇంటికి వచ్చాక మా చెల్లెలికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఓనర్ కాదన్నాను. పని నిలుస్తుందో లేదో తెలియదన్నాను. నాకు నచ్చాడన్నాను. అది అంతా విన్నది. తర్వాత "నువ్వు నచ్చిండన్నవంటె ఎన్ని తీర్ల చూసి ఉంటవో నాకు తెల్వదా" అంది. సంబంధం తెచ్చిన మా ఆయన తమ్ముడు వచ్చినప్పుడు మాత్రం బాగా కడిగేశాను. ఆ రోజు ఆయన చెప్పులు విడిచి వచ్చాడు గానీ కూర్చోలేదు.

పెళ్ళి అయింది. ఆ ఏడు నీళ్ళూ వచ్చాయి, అయినా ఓనర్ హోటల్ అమ్మేశాడు. ఇప్పుడు వాళ్ళిద్దరూ దిల్‌సుఖ్‌నగర్ సందులో కర్రీ పాయింట్ పెట్టుకున్నారు. పిల్ల కళ్ళద్దాల దుకాణం నుంచి సాయంత్రం నేరుగా అక్కడికే పోతుంది. నాకు అనుమానం పోయిందా అంటే పోలేదు. అటు పోయినప్పుడల్లా నూనె వాసన చూస్తాను, డబ్బాల మూతలు తీస్తాను. "చూడు అత్తమ్మా, మంచిగ చూడు" అని వాడే గరిటె చేతికిస్తాడు. వాడు అట్లా అన్నప్పుడు ఏదో దాస్తున్నాడేమో అని ఇంకాస్త లోపలికి చూస్తాను. ఇంతవరకైతే ఏమీ దొరకలేదు.

ఇంతసేపు కూర్చుని విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లోకి వచ్చే అల్లుళ్ళూ కోడళ్ళూ అడిగినదానికి తడబడకుండా జవాబు చెప్పేవాళ్ళు కావాలి. మీ ఆడపిల్లలు తమకు కావలసినదాన్ని తామే చూసుకునే ధైర్యంతో పెరగాలి. మీ పొయ్యి ఆరకుండా, మీ గుమ్మంలో చెప్పుల సందడి తగ్గకుండా, మీ ఇల్లు నిండుగా ఉండాలి.